ఏటి చేప, చెరువు చేప

మన నీళ్లు – 9వ భాగం



పోయిన రెండు భాగాల్లో బావి గురించి, కుళాయి గురించి రాశాను. ఈసారి చేప గురించి రాస్తున్నానని క్లాసులో చెప్తే వెనక బెంచీ నుంచి ఒక పిల్లాడు “చేపకు కులమేంది మేడమ్” అన్నాడు. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. ఆ పిల్లాడి తండ్రి ఒక చెరువు గుత్తదారు దగ్గర కూలికి వల లాగుతాడు. కిలోకి ఇంత అని లెక్క. అదే చెరువులో ఇంటి కూరకోసం సొంతంగా గాలం వేస్తే మాత్రం దొంగతనం. ప్రశ్న అడిగినవాడి ఇంట్లోనే జవాబుంది.

చేపకు కులం లేదు, నిజమే. కానీ నీళ్లు ఆగిన చోటల్లా ఎవరు దిగొచ్చు, ఎవరు దిగకూడదు అనే లెక్క మొదలవుతుంది. ఏరు చెరువైనప్పుడు, చెరువు రిజర్వాయరైనప్పుడు చేప చేతులు మారుతుంది. మన కంభం, గిద్దలూరు, మార్కాపురం ప్రాంతంలో అది ఎలా చేతులు మారిందో చెప్పుకోవాలి. ఇప్పుడే ఎందుకంటే వెలిగొండ కోసం. ఆ సంగతికి చివర్లో వస్తాను.

ముందు ఏరు.

గుండ్లకమ్మ నల్లమలలో గుండ్లబ్రహ్మేశ్వరం దగ్గర పుట్టి, కొండలు దిగి కంభం చేరుతుంది. అక్కణ్ణుంచి మార్కాపురం ప్రాంతం గుండా వినుకొండ వైపు సాగి, తూర్పుకు తిరిగి, అద్దంకి మీదుగా సముద్రంలో కలుస్తుంది. వినుకొండ అనగానే తెలుగు చదివినవాళ్లకు గుర్రం జాషువా గుర్తొస్తాడు. గుండ్లకమ్మను నేను జాషువా ఏరు అనే అనుకుంటాను. ఇది పరిశోధన కాదు, నా మురిపెం. గిద్దలూరు వైపు పుట్టే సగిలేరు మాత్రం దక్షిణానికి పోయి పెన్నలో పడుతుంది. ఒకే నల్లమల వాన, రెండు దారులు.

ఇది గోదావరిలా ఏడాది పొడుగునా పారే నది కాదు. వాన పడితే ఏరు, లేకపోతే ఇసుక. అందుకే ఇక్కడి చేప బతుకు వేరు. ఎండాకాలం మడుగుల్లో తలదాచుకుంటుంది. కొర్రమీను, మట్టగిడస, మార్పు లాంటివి నీటి పైకొచ్చి గాలి పీల్చుకోగలవు, బురదలో కూడా కొన్నాళ్లు నెట్టుకురాగలవు. తొలకరి వరద తగలగానే చేప ఎదురెక్కుతుంది. ఏట్లోంచి వాగుల్లోకి, వాగుల్లోంచి కుంటల్లోకి, వరిమళ్లలోకి. గుడ్లు పెట్టడానికి దానికి కొత్తనీళ్లు, పారే నీళ్లు, లోతు లేని చోటు కావాలి.

సాల్మన్ అనే చేప గురించి మీరు టీవీలో చూసే ఉంటారు. కొండ వాగులో పుట్టి, సముద్రానికి పోయి పెరిగి, గుడ్లు పెట్టే వేళకు తాను పుట్టిన వాగునే వెతుక్కుంటూ వందల మైళ్లు ఎదురీది వస్తుంది. ప్రపంచమంతా అబ్బురంగా చూసే దృశ్యం అది. మన ఊళ్లో అలుగు పారిన రాత్రి కూడా చిన్న ఎత్తున అలాంటి దృశ్యమే, కెమెరాలు రావు అంతే. చెరువు నిండి అలుగు దూకుతుంటే కింద కాలవలోంచి పరిగెలు, జెల్లలు, కొర్రమీనులు నీటికి ఎదురుగా ఎగురుతాయి. వాడంతా అక్కడే ఉంటుంది. వల ఉన్నవాళ్లు వల, లేనివాళ్లు వెదురుబుట్ట, అదీ లేనివాళ్లు పాత చీర. ఇద్దరు ఆడవాళ్లు చీర రెండు చివర్లూ పట్టుకుని నీళ్లలో నిలబడితే చాలు. ఆ వారమంతా మాదిగపల్లెలో చేపల వాసన. మిగిలినవి ఉప్పు పూసి దడి మీద ఎండేస్తారు.

మా జేజి కంభం చెరువు కింద పల్లెలో పుట్టింది. ఆమె మాట ఒకటి నాకు పీహెచ్‌డీ కంటే ఎక్కువ పనికొచ్చింది. “ఏట్లో చేప ఎవురికి దొరికితే వాళ్లది మ్మే. చెరువులో చేప గుత్త పాడినోడిది. అలుగు దాటిందంటే మళ్లా మనది.” ఆస్తి హక్కుల మీద ఎన్నో పుస్తకాలు చదివాను గానీ మూడు వాక్యాల్లో ఇంత తేటగా చెప్పినవాళ్లు కనపడలేదు. తర్వాతి రోజుల్లో గుత్తదారులు అలుగుకు అడ్డంగా వలకంచె కట్టడం మొదలుపెట్టారు. అంటే జేజి చెప్పిన మూడో వాక్యాన్ని కూడా కొట్టేశారు.

ఇక కంభం చెరువు. దీని గురించి మన ప్రాంతంలో గొప్పగా చెప్పుకోనివాళ్లు లేరు, చెప్పుకోవాలి కూడా. రెండు కొండల నడుమ సందులో గుండ్లకమ్మకు అడ్డంగా కట్ట వేశారు. గజపతుల ఆడబిడ్డ, శ్రీకృష్ణదేవరాయల భార్య వరదరాజమ్మ కట్టించిందని జనం చెప్పుకుంటారు. అంటే 16వ శతాబ్దపు మొదటి పాదం. ఇంపీరియల్ గెజిటీర్ లెక్కలో కట్ట ఎత్తు 57 అడుగులు, చెరువులోకి నీళ్లు వచ్చే ప్రాంతం 430 చదరపు మైళ్లు, సాగయ్యేది సుమారు 10,300 ఎకరాలు. 2020లో అంతర్జాతీయ నీటిపారుదల సంస్థ దీన్ని ప్రపంచ వారసత్వ సాగునీటి కట్టడంగా గుర్తించింది. ఆ వార్త వచ్చిన రోజు మా కాలేజీలో మిఠాయి పంచారు.

కట్టించినామె పేరు ఐదు వందల ఏళ్లు నిలిచింది. తట్ట మోసినవాళ్ల పేర్లు నిలవలేదు. సరే, ఇది మనకు అలవాటైన అన్యాయం, దీని మీద ఎక్కువసేపు ఆగను. నేను ఆగాలనుకునేది ఇంకో చోట. చెరువు ఒక పంపకం. నీటిని ఎకరాల లెక్కన పంచుతుంది. ఎకరం ఉన్నవాడికి నీళ్లు, పది ఎకరాలున్నవాడికి పది వంతుల నీళ్లు. ఎకరమే లేనివాడికి? తూము తీసి మూసే నీరుగంటి పని మన సీమ ఊళ్లలో ఎక్కువగా మాల మాదిగలదే. ఏ మడికి ఎంత నీరు పోవాలో వాళ్లకు తెలిసినంత ఇంకెవరికీ తెలియదు. ఆ నీళ్లు పారే మడి మాత్రం వాళ్లది కాదు. నాట్లు వేసేదీ, కోతలు కోసేదీ మన ఆడవాళ్లు, గింజ ఇంకొకరి గాదెలోకి.

అలాంటి మనుషులకు ఆ నీటిలోంచి నేరుగా, ఎవరి దయా లేకుండా చేతికొచ్చినది ఏదన్నా ఉందా అంటే అది చేప. భూమి లేనివాడికి ఏట్లో ఉన్న వాటా చేప. ఈ మాట గుర్తుపెట్టుకోండి, మిగతా వ్యాసమంతా దీని చుట్టూనే. ఏటి రూపం మార్చిన ప్రతిసారీ ఎన్ని ఎకరాలు తడుస్తాయో లెక్కేశారు. ఎంతమంది కూరగిన్నె ఎండుతుందో లెక్కేయలేదు.

ఆ లెక్కలేనితనం తెల్లదొరల కాలంలో చట్టంగా మారింది. అప్పట్లో మార్కాపురం, కంభం ప్రాంతమంతా కర్నూలు జిల్లా. 1970లో ఒంగోలు జిల్లా ఏర్పడ్డప్పుడు మనం ఇటు వచ్చాం, 1972లో దానికి ప్రకాశం పేరు పెట్టారు. మద్రాసు సివిల్ సర్వీసు అధికారి హెన్రీ సలివన్ థామస్ 1873లో ‘ది రాడ్ ఇన్ ఇండియా’ అని ఒక పుస్తకం అచ్చేశాడు. భారతదేశపు నదుల్లో గాలం వేయడం ఎలా అన్నది విషయం. మన నదుల మహసీర్ చేపను దొరలు తమ దేశపు సాల్మన్‌తో పోల్చుకుని మురిసిపోయేవాళ్లు. వాళ్లకు అది ఆట. చేప ఎంతసేపు గుంజిందన్నది గొప్ప. అదే ఏడాది ఫ్రాన్సిస్ డే అనే సైనిక వైద్యుడు, చేపల శాస్త్రవేత్త, భారత్, బర్మాల మంచినీటి చేపల మీద ప్రభుత్వానికి పెద్ద నివేదిక ఇచ్చాడు. చేపలు తగ్గిపోతున్నాయని, చిన్నకన్ను వలలూ అడ్డుబుట్టలూ పిల్ల చేపను కూడా వదలడం లేదని, ఆనకట్టలు చేప దారిని మూసేస్తున్నాయని అందులో రాశాడు.

రెండు కారణాలు చెప్పాడు కదా. 1897లో వచ్చిన ఇండియన్ ఫిషరీస్ చట్టం ఏది పట్టుకుందో చూడండి. మందుగుండుతో, విషంతో చేపలు పట్టడం నేరమంది. వలకన్ను ఎంతుండాలో, ఏట్లో అడ్డుబుట్టలు పెట్టొచ్చో లేదో నిబంధనలు చేసే అధికారం ప్రభుత్వానికి ఇచ్చింది. డైనమైట్ వద్దనడం సబబే. అయితే చెట్ల రసం కలిపి చేపను మత్తెక్కించి పట్టే అడవి జనాల పద్ధతి కూడా అదే ‘విషం’ అనే మాటలో పడిపోయింది. సర్కారు కట్టే ఆనకట్టలో చేపకు దారి వదిలి తీరాలని మాత్రం ఆ చట్టం చెప్పలేదు. బుట్ట నేరమైంది, ఆనకట్ట అభివృద్ధి అయింది.

ఆనకట్ట చేపను ఏం చేస్తుందో తెలుగువాళ్లకు పులస కంటే బాగా చెప్పేది లేదు. సముద్రంలో ఉన్నంతకాలం అది ఇలస. వరద రోజుల్లో గోదావరి ఎర్రనీటికి ఎదురీదితే పులస. సాల్మన్‌కు మనవైపు సరైన జోడీ అదే, గుడ్లు పెట్టడానికే నదిలోకి వస్తుంది. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక దాని ప్రయాణం అక్కడితో ఆగింది. గంగలో ఫరక్కా బ్యారేజీ 1975లో మొదలయ్యాక అలహాబాదు దాకా పోయే ఇలసకూ అదే గతి పట్టింది. పుస్తెలమ్మైనా పులస తినాలని సామెత. దారి మూసుకుపోయి, దొరకడమే గగనమై, వేల రూపాయల వేలం సరుకైన చేప గురించి మనం ఇంకా ఆ సామెత చెప్పుకుని నవ్వుకుంటున్నాం. పుస్తెలే లేనివాళ్ల సంగతేంటని అడిగినవాళ్లు లేరు.

1855 అనే సంవత్సరం నాకు ఎప్పుడూ వింతగా అనిపిస్తుంది. బెజవాడ దగ్గర కృష్ణ ఆనకట్ట ఆ ఏడాది పూర్తయింది. అదే ఏడాది అమెరికా పడమటి వైపు కొలంబియా నది ప్రాంతంలో యాకమా, నెజ్ పర్స్ లాంటి ఆదివాసీ జాతుల చేత అక్కడి ప్రభుత్వం భూములు రాయించుకుంది. లక్షల ఎకరాలు వదులుకుంటూ కూడా ఆ పెద్దలు ఒక్క మాట పట్టుబట్టి ఒప్పందంలో రాయించారు: మేం మొదటినుంచీ చేపలు పట్టే చోట్లలో పట్టుకునే హక్కు మాకు ఉంటుంది అని. నూరేళ్ల పాటు ఆ మాటను ఎవరూ లెక్కచేయలేదు. సాల్మన్ పట్టినందుకు వాళ్లను అరెస్టు చేశారు, పడవలు లాక్కున్నారు. బిల్లీ ఫ్రాంక్ అనే నిస్క్వాలీ యువకుడు పద్నాలుగేళ్ల వయసులో మొదటిసారి అరెస్టయ్యాడు, తర్వాత ఎన్నిసార్లో. వాళ్లు ఆగలేదు, అరెస్టవుతూనే వలలు వేశారు. చివరికి 1974లో జడ్జి జార్జ్ బోల్ట్ తీర్పు ఇచ్చాడు. ఒప్పందం ఒప్పందమే, వాషింగ్టన్ రాష్ట్రంలో పట్టదగిన చేపలో సగం దాకా ఆ జాతులదే అని.

మనకు అలాంటి కాగితం లేదు. మనతో ఎవరూ ఒప్పందం చేసుకోలేదు. ఒప్పందం చేసుకోవాలంటే ముందు ఎదుటివాణ్ణి మనిషిగా ఒప్పుకోవాలి.

1957 మరో వింత సంవత్సరం. మార్చి 10న కొలంబియా నది మీద కొత్త డ్యాము గేట్లు మూశారు. వేల ఏళ్లుగా సాల్మన్ పట్టిన సెలైలో జలపాతం కొన్ని గంటల్లో మునిగిపోయింది. జూలై 10న ఒడిశాలోని అంగుల్‌లో హీరాలాల్ చౌధురి అనే శాస్త్రవేత్త చేపకు పిట్యూటరీ గ్రంథి రసం సూదిగా ఇచ్చి గుడ్లు పెట్టించాడు. డిసెంబరులో విజయవాడలో ప్రకాశం బ్యారేజీ పూర్తయింది. ఈ మూడింటిలో మన బతుకును ఎక్కువ మార్చింది నడిమిదే. బొచ్చె, రోహు, మృగాల లాంటి పెద్ద చేపలు నిలవనీటిలో గుడ్లు పెట్టవు, వాటికి వరద కావాలి, ఏరు కావాలి. అందుకని అప్పటిదాకా చేపపిల్ల కావాలంటే నదికే పోవాలి. సూదిమందు వచ్చాక నదితో పని లేకుండా పోయింది. పిల్లలు హ్యాచరీలోంచి సంచుల్లో వస్తాయి, చెరువులో పోస్తారు, పెరిగాక లాగుతారు. చేపల ఉత్పత్తికి అది మేలే చేసింది, నేను కాదనను. ఈరోజు మార్కాపురం బజారులో కూలివాడు కూడా అరకిలో బొచ్చె కొనుక్కోగలుగుతున్నాడంటే దానివల్లే. కానీ పిల్లను పోసినవాడు యజమాని అవుతాడు. నది కన్న చేపకు యజమాని లేడు. సంచిలో వచ్చిన చేపకు బిల్లు ఉంటుంది. ఆ బిల్లు చూపించే చెరువులో మిగతావాళ్లందరినీ దొంగలను చేశారు, తమంతట తాము పుట్టిన పరిగెలూ జెల్లలూ పట్టుకున్నా సరే.

ఇక్కడ ఒక జాగ్రత్త. చెరువుల మీద చేపల హక్కు మత్స్యకార సహకార సంఘాలకు ఇవ్వడం అనే పద్ధతి కష్టపడి సాధించుకున్నది. బెస్తలు, పల్లెకారులు, గంగపుత్రులు తరాలుగా నీళ్ల మీద బతికినవాళ్లు, వాళ్లూ వెనుకబడినవాళ్లే. 2021లో నెల్లూరు జిల్లాలో పెద్ద చెరువులను బహిరంగ వేలానికి పెట్టే జీవో 217 వచ్చినప్పుడు వాళ్లు చేసిన పోరాటం న్యాయమైనది, ఆ జీవో తర్వాత రద్దయింది కూడా. మన కొట్లాట వాళ్లతో కాదు. కాగితం మీద సంఘం పేరుండి వెనక డబ్బు పెట్టేవాడు వేరే కులం పెద్దమనిషి అవుతున్న చోట బెస్తకూ మిగిలేది కూలే, మాదిగకూ కూలే. అయితే సంఘంలో సభ్యత్వం కులవృత్తిని బట్టి కొలిచినంతకాలం, వృత్తి కాకుండా బతుకుతెరువుగా చేప పట్టిన మాల, మాదిగ, యానాది, చెంచు ఆ లెక్కలోకి రారు. మనల్ని చెప్పుల దగ్గర, డప్పు దగ్గర, పాలేరుతనం దగ్గర గుర్తుపట్టారు గానీ ఏటి దగ్గర ఎవరూ గుర్తుపట్టలేదు.

మన ఉద్యమం కూడా గుర్తుపట్టలేదనే అంటాను. 1927 మార్చి 20న బాబాసాహెబ్ మహద్‌లో చవుదార్ చెరువు నీళ్లు దోసిట పట్టుకున్నారు. అప్పటి మన జిల్లాలోనే, 1985 జూలైలో, కారంచేడు మాదిగపల్లె మంచినీళ్ల చెరువు దగ్గర ఒక గేదెల కుడితి మీద గొడవ మొదలైంది. మున్నంగి సువార్త ఆ రోజు బిందె ఎత్తి నిలబడింది. మర్నాడు ఆ పల్లె మీద పడి ఆరుగురిని చంపారు. దళిత మహాసభ ఆ నెత్తుటిలోంచి పుట్టింది. మన చరిత్రలో రెండు పెద్ద మలుపులూ చెరువు గట్టునే జరిగాయి. మన సాహిత్యంలోనూ నీళ్లంటే బావి, కొలకలూరి ఇనాక్ ‘ఊరబావి’ నుంచి మొదలుపెట్టి చూడండి. తాగే నీటి మీద ఇంత రాసిన మనం ఆ నీటిలో ఉన్న తిండి మీద చాలా తక్కువ రాశాం. నీళ్లు తాకడమే పోరాటమైన చోట నీటిలో ఏముందో అడిగే తీరిక దొరకలేదు.

ఇప్పుడు అడవి వైపు వెళ్దాం. దోర్నాల, యర్రగొండపాలెం దాటి నల్లమలలోకి పోతే చెంచుగూడేలు. అటువైపు కృష్ణ. శ్రీశైలం రిజర్వాయరు కోసం 1981లో ఊళ్లను ఎలా ఖాళీ చేయించారో కర్నూలు, మహబూబ్‌నగర్ జిల్లాల పెద్దవాళ్లు ఇప్పటికీ చెప్తారు. ఒకప్పుడు బండల మధ్య ఉరికిన కృష్ణ అక్కడ నిలవనీరైంది. కొండవాగుల చేపకు కావలసిన చోటు పోయి, రిజర్వాయరు చేపకు చోటు వచ్చింది. దాన్ని పట్టడానికి విశాఖ, తూర్పుగోదావరి తీరాల నుంచి మత్స్యకారులు కుటుంబాలతో వలస వచ్చి నీటి అంచున గుడిసెలు వేసుకున్నారు. పెట్టుబడిదారు ఇచ్చే అడ్వాన్సుకు కట్టుబడి, అతను చెప్పిన ధరకే అమ్మాలి. నిషేధించిన అలివి వలలతో పిల్ల చేపను కూడా ఊడ్చేస్తున్నారని వార్త వచ్చినప్పుడల్లా కేసు ఆ గుడిసెల మీదే. వల కొనిచ్చినవాడు కర్నూలులోనో ఆత్మకూరులోనో క్షేమంగా ఉంటాడు. ఫ్రాన్సిస్ డే నాటి నుంచి మారనిది ఇదొక్కటే అనిపిస్తుంది.

ఆ నీటి ఒడ్డునే ఉన్న చెంచులు పెద్దపులుల అభయారణ్యం నిబంధనల మధ్య బతుకుతున్నారు. 2006 అటవీ హక్కుల చట్టం మనలో చాలామంది పోడు పట్టాల చట్టమని అనుకుంటాం. తెరిచి సెక్షన్ 3 చదవండి. ఉమ్మడి హక్కుల జాబితాలో చేపలు, నీటి వనరుల ఉత్పత్తులు అని స్పష్టంగా ఉంది. చట్టం వచ్చి ఇంతకాలమైంది కదా, మీకు తెలిసిన గూడేల్లో ఎన్నింటికి భూమి పట్టా కాకుండా చేపల హక్కు పత్రం వచ్చిందో అడిగి చూడండి.

ఇక గుండ్లకమ్మ దిగువన. మద్దిపాడు మండలం చినమల్లవరం దగ్గర కట్టిన గుండ్లకమ్మ రిజర్వాయరు 2008లో మొదలైంది. 2022లో ఒక గేటు కొట్టుకుపోయింది, 2023 డిసెంబరులో తుపాను వెనకే ఇంకొకటి. నీళ్లు సముద్రం పాలయ్యాయి. రైతుల నష్టం మీద పత్రికలు రాశాయి, రాయాలి. ఆ నీటి మీద చేపలు పట్టుకుని బతికేవాళ్ల గురించి మాత్రం రెండు వాక్యాలతో సరిపెట్టారు.

సరే, వెలిగొండ. 1996 మార్చి 5న గొట్టిపడియ దగ్గర శంకుస్థాపన. శ్రీశైలం జలాశయంలో కొల్లంవాగు దగ్గర కృష్ణ వరదను ఎత్తుకుని, నల్లమల కింద దాదాపు 19 కిలోమీటర్ల జంట సొరంగాల గుండా మనవైపుకు తెస్తారు. సుంకేసుల, గొట్టిపడియ, కాకర్ల అనే మూడు కొండసందులకు కట్టలు వేసి 53.85 టీఎంసీల నల్లమల సాగర్ నింపుతారు. 4.47 లక్షల ఎకరాలకు సాగునీరు, 15 లక్షల మందికి తాగునీరు అని ప్రాజెక్టు లెక్క. ఫ్లోరైడ్ నీళ్లు తాగి కాళ్లు వంకరపోయిన ఊళ్లు మనవి, కరువుకు మూట కట్టుకుని వలసపోయే ఊళ్లు మనవి. కాబట్టి వెలిగొండ రావద్దని నేను అనను. మన తాతలు అడిగిన నీళ్లవి. 2024 మార్చిలో దాన్ని జాతికి అంకితం చేశారు, మునిగే ఊళ్ల పునరావాసం మిగిలి ఉండగానే.

కంభంలో ఐదు వందల ఏళ్ల క్రితం జరిగిందే ఇక్కడ పెద్ద ఎత్తున జరుగుతుంది. కొండసందు, కట్ట, దాని కింద ఎకరాల లెక్క. గొట్టిపడియ, సుంకేసుల, గుండంచర్ల, కలనూతల లాంటి ఊళ్లు ఖాళీ అవుతాయి. అక్కడ వాగు పక్కన బతికిన భూమిలేని కుటుంబానికి ఇంటి పరిహారం రావచ్చు, పొలం పరిహారం రాదు, ఎందుకంటే పొలమే లేదు. వాగు పరిహారం అనే మాట ఏ ఫారంలోనూ లేదు. నీళ్లు నిండిన మరుసటి ఏడాది ఆ నల్లమల సాగర్‌లో చేపపిల్లలు వదులుతారు. హక్కులు ఎవరికో ఒకరికి రాసిస్తారు. ఆ రోజు మనం ఎక్కడుంటాం?

2013 భూసేకరణ చట్టం రెండో షెడ్యూలు నీటి ప్రాజెక్టుల నిర్వాసితులకు రిజర్వాయరులో చేపల హక్కు ఇవ్వవచ్చు అంటుంది. ‘వచ్చు’ అంటే ఇవ్వకపోనూవచ్చు. కానీ షెడ్యూల్డు కులాలు, తెగల కోసం పెట్టిన సెక్షన్ 41 ఇంకో అడుగు ముందుకేసింది. ముంపు ప్రాంతంలో నదిలోనో చెరువులోనో చేపలు పట్టుకునే హక్కున్న ఎస్సీలకు, ఎస్టీలకు, ఇతర సంప్రదాయ అటవీ నివాసులకు కొత్త రిజర్వాయరులో ఆ హక్కు ఇచ్చి తీరాలంది. వెలిగొండ భూసేకరణ పాత చట్టం కింద మొదలైందని, ఇది మీకు వర్తించదని అధికారులు అనవచ్చు. ఆ వాదన వినడానికి సిద్ధంగా ఉండండి. అటవీ హక్కుల చట్టానికి ఆ సాకు పనికిరాదు.

అసలు చిక్కు వేరే ఉంది. ‘హక్కున్న’ అనే మాటలో ఉంది. హక్కుందని ఏది చూపిస్తాం? యాకమా పెద్దల దగ్గర 1855 నాటి కాగితం ఉంది. మన దగ్గర పాత చీరలు, వెదురుబుట్టలు, జేజి మాటలు. అవి సాక్ష్యం కావని ఎవరన్నారు? అటవీ హక్కుల చట్టం నిబంధనలు హక్కు రుజువుకు పెద్దల వాంగ్మూలాన్ని రాతపూర్వకంగా నమోదు చేస్తే చెల్లుతుందనే చెప్తున్నాయి. బోల్ట్ కోర్టులో కూడా తెగల పెద్దలు వచ్చి ఏ చోట, ఏ కాలంలో, ఏ చేపను, ఏ సాధనంతో పట్టేవాళ్లమో సాక్ష్యం చెప్పారు. ఆ చోట్ల పేర్లే వాళ్లను గెలిపించాయి. 2024లో ఓరెగాన్, కాలిఫోర్నియాల మధ్య క్లామత్ నది మీద నాలుగు డ్యాములు కూల్చారు, యురోక్, కరుక్ తెగలు దశాబ్దాల పాటు పోరాడాక. ఆ అక్టోబరులోనే సాల్మన్ పాత డ్యాము చోటు దాటి పైకి ఈదింది. నూరేళ్లు మూసిన దారి దానికి గుర్తుంది.

మన దగ్గర డ్యాము కూల్చే మాట కాదు. నిండకముందు రాసుకునే మాట. దసరా సెలవుల్లో ఊరికి పోయే పిల్లలు ఈ పని చేయగలరు. ముంపు ఊళ్లలో, గూడేల్లో, ఇప్పటికే పునరావాస కాలనీలకు వచ్చేసిన ముసలివాళ్ల దగ్గర కూర్చోండి. వాగులో ఏ మడుగుకు ఏ పేరో అడగండి. అలుగు పారితే ఎవరెవరు పోయేవాళ్లు, ఏ చేప ఏ కార్తెలో ఎదురెక్కేది, ఆడవాళ్లు పట్టేదేమిటి, మగవాళ్లు పట్టేదేమిటి, పెద్దకులపాయన ఏ మడుగు దగ్గర రాకూడదని కొట్టాడు, ఎవరు కేసు పెట్టారు, ఎప్పుడు గుత్త మొదలైంది. తేదీ వేయండి, చెప్పినవాళ్ల వేలిముద్రో సంతకమో తీసుకోండి, వీలైతే గ్రామసభ తీర్మానం పుస్తకంలో ఎక్కించండి. మాట వాళ్ల యాసలోనే రాయండి, దిద్దొద్దు.

వచ్చే భాగం నీరుగంటి గురించి. అందులో మార్కాపురం వైపు ఒక కుటుంబం దాచిన తూము తాళం కథ ఉంటుంది. మీ ఇళ్లలో అలాంటి వస్తువులుంటే ఫొటో తీసి దగ్గర పెట్టుకోండి.